చిన్న చిల్లు

విస్కాన్సిన్ ఉత్తరాన, దుప్పుల వేట మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం. నార్బర్ట్ ఇంటి వెనక షెడ్డు. వేటగాళ్లు తెచ్చిచ్చిన తలలకు తోలు తొడిగి, గాజుకళ్లు పెట్టి, గోడకు తగిలించుకునేట్టు చేసిచ్చే పని ఇక్కడే. నార్బర్ట్ తొడుగుతాడు, భార్య ఆర్లిస్ కుడుతుంది. ఇప్పుడు వచ్చినవాడు ఆర్లిస్ చెల్లెలి మొగుడు మెల్విన్.

"ఇంకా ఆరలేదు మెల్విన్. ముట్టెకి రంగు నిన్ననే వేశా. ముట్టుకుంటే వేలిముద్ర పడుద్ది."

"ముట్టె జోలికి పోన్లే. గుడ్డ తియ్యి, చాలు."

"క్రిస్మస్ దాటనీరా. నేనే బండిలో వేసుకొచ్చి, మీ గోడకి మేకు కొట్టి మరీ తగిలిస్తా."

"నార్బర్ట్, ఏడాదైంది. ఆ పళ్ల డాక్టరు ఎలుగుబంటి నా దుప్పి కంటే వెనకొచ్చింది, అదెప్పుడో ఇంటికి పోయింది. చేపలు పోయాయి, నక్కలు పోయాయి. నాదొక్కటే గుడ్డ కింద ఉంది."

"ఎలుగుబంటి సంగతి అడక్కు. నవ్వుతున్నట్టు చెయ్యమన్నాడ్రా ఆ పెద్దమనిషి! ఎలుగు నవ్వుద్దా ఎక్కడైనా? పళ్లు పీకేవాడికి పళ్లు కనపడితే చాలు. నేను ఎంత చెప్పినా..."

"నార్బర్ట్."

"ఆఁ."

"నీళ్లు నమలకు."

"నమలడానికేముంది? నువ్వు మాత్రం అడిగావా ఇన్నాళ్లూ? గేటు లోపల అడుగు పెట్టావా?"

"గేటు దాకా వచ్చా. ఇంజను ఆపకుండా కూర్చుని, మీ పొగగొట్టం వంక చూసి, తిప్పుకుని పోయా. ఎన్నిసార్లో. మీ కుక్కనడుగు, నన్ను చూసి మొరగడం కూడా మానేసింది."

"లోపలికి రావాల్సింది."

"వస్తే తెలిసిపోద్ది. తెలియనంతసేపూ సగమన్నా బతికున్నట్టే. అందుకే రాలేదు."

"మరి ఇవాళేంటి?"

"రేపు సీజన్ మొదలు. క్లెమ్ వేటకి రమ్మంటున్నాడు. మళ్లీ ఆ గుట్ట మీదికే. నిన్న మా వాకిట్లో కట్టెలు పేరుస్తూ, 'అన్నా, నార్బర్ట్ దగ్గర పని అయిపోయింది, వెళ్లి నీ కళ్లతో నువ్వే చూసుకో' అన్నాడు."

"క్లెమ్ అన్నాడా?"

"నా తమ్ముడు కాక ఇంకెవడంటాడు? ఎందుకట్లా ఉలిక్కిపడ్డావు?"

"ఉలిక్కిపడ్డానా? సూది గుచ్చుకుంది. ఆర్లిస్! ఆర్లిస్, కాఫీ తెస్తావా? మెల్విన్ వచ్చాడు!"

"అరవకు నార్బర్ట్, తలుపు దగ్గరే ఉన్నా. బండి చప్పుడు విని కాఫీ పెట్టుకునే వచ్చా. కూర్చో మెల్విన్. ఆ కుర్చీలో కాదు, దాని నిండా తోళ్లకి రుద్దే ఉప్పు. ఇటు. వెర్నా రాలేదా?"

"మీ చెల్లెలు నా బండెక్కి చాలా కాలమైంది వదినా. కొడుకు గదిలోనే పడుకుంటోంది, టోబీ పాత వేటకోటు తలకింద పెట్టుకుని."

"తెలుసు. నాకు ఫోన్ చేస్తుంది. మాట్లాడదు. ఊపిరి వినపడుతుంది, అంతే."

"నా గురించేమన్నా అంటుందా?"

"ఏమీ అనదు."

"అంటే బాగుండును. 'నువ్వే' అన్నా బాగుండును. 'నువ్వు కాదు' అన్నా బాగుండును. ఊళ్లో ఒక్కడూ గట్టిగా మాట్లాడడు నాతో. చర్చిలో, పెట్రోలు బంకులో, ఎక్కడికి పోయినా గొంతు తగ్గిస్తారు. రోగిష్టోడి మంచం పక్కన మాట్లాడినట్టు. నా మీద జాలో, అసహ్యమో వాళ్లకే తెలీదు. నాకూ తెలీదు."

"కాఫీ తాగు. చల్లారిపోతుంది."

"తాగుతాలే. గుడ్డ తీయమను మీ ఆయన్ని."

"నార్బర్ట్, చెప్పలేదా రంగు ఆరలేదని?"

"చెప్పా ఆర్లిస్. వింటేగా."

"మీ ఇద్దరూ ఒకే పాట పాడుతున్నారేంటి? రంగు, రంగు. నేను రంగు చూడ్డానికి రాలేదు. నేనెందుకొచ్చానో మీకు తెలీదా?"

"తెలుసు మెల్విన్."

"తెలిస్తే ఎందుకీ సాగదీత? విను నార్బర్ట్, మళ్లీ చెప్తా..."

"వద్దురా. మళ్లీ ఎందుకు?"

"రోజూ నాకు నేనే చెప్పుకుంటున్నా. ఇవాళ మీరు వినండి. గుట్ట మీద పడమటి మొద్దు దగ్గర నేను, తూర్పు మొద్దు దగ్గర క్లెమ్. కింద ఉత్తరాన చిత్తడి, దట్టంగా చెట్లు. టోబీ అవతలి కొస నుంచి దుప్పుల్ని అదిలించుకుంటూ మా వైపు వస్తున్నాడు. కర్రతో చెట్లు కొడుతూ, వాడి పిచ్చి పాటేదో పాడుతూ. అదిలించేవాడు ఎటున్నాడో తెలియాలని మా నాన్న పాడించేవాడు మా చేత. అదే అలవాటు."

"మెల్విన్..."

"పాట ఆగింది వదినా. ఎందుకాగిందో ఇప్పటికీ తెలీదు. బురదలో కాలు దిగబడిందో, పాటలో ముక్క మర్చిపోయాడో. అప్పుడే దుప్పి పైకొచ్చింది. వంకరకొమ్మోడు. ఎండాకాలమంతా టోబీ చెట్టుకి కెమెరా కట్టి, ఫోటోలు తీసి, పేరు పెట్టి, కలలు కన్నాడే, అదే. మా ఇద్దరి మధ్యకీ సూటిగా, మొహం మా వైపు పెట్టి వచ్చింది. దాని వెనక పొదల్లో వాడు."

"నీకు కనపడలేదు కదా."

"కనపడలేదు. కనపడకపోతే కాల్చొచ్చా నార్బర్ట్? దుప్పి మనల్ని దాటిపోయి, అదిలించేవాళ్లు మన వీపు వైపు పడ్డాకే కాల్చాలి. ఎవడు నేర్పాడ్రా ఆ మాట ఈ చుట్టుపక్కల కుర్రాళ్లకి? నేను! క్లెమ్‌కి నేను నేర్పా. టోబీకి తుపాకి చేతికివ్వకముందే నేర్పా. ఆ కొమ్ములు చూసేసరికి నా నీతులన్నీ గాలికి పోయాయి."

"క్లెమ్ కూడా కాల్చాడుగా."

"ఇద్దరం కాల్చాం. తలా ఒకటే. ఒకటే చప్పుడు. దుప్పి గెంతి, చిత్తడిలోకి దూరి కనపడకుండా పోయింది. నేను 'తగిలింది! తగిలింది!' అని అరిచా వదినా. ఎగిరి గంతేశా. గంతేశా! అప్పటికి వాడు..."

"చాలు. నా చెల్లెలి కొడుకు వాడు. నాకూ కడుపుకోతే. ఇక చాలు."

"షెరీఫ్ పంపిన పోలీసులు వచ్చారు, కొలిచారు, పోయారు. తుపాకులు రెండూ ఒకటే రకం. అన్నదమ్ములు పోట్లాడుకుంటారని మా నాన్న ఒకే రోజు ఒకే కొట్లో కొన్నాడు. తూటా వాడి రొమ్ములోంచి పోయి ఆ బురదలో కలిసిపోయింది. ఎవరిదో తేల్చలేం అన్నారు. ఆ రాత్రే మంచు కురిసి దుప్పి జాడ కూడా పోయింది."

"క్లెమ్ వెతికి తెచ్చాడుగా చివరికి."

"నా కోసం వెతికాడు. అంత్యక్రియల రోజు నేనే వాడి కాలరు పట్టుకుని అడిగా, ఆ దుప్పి ఏదిరా, దాన్ని తీసుకురా, అని. దుప్పిని కొట్టినోడు టోబీని కొట్టలేదు. అంతే లెక్క. తలా ఒక తూటా. ఒకటి దానికి, ఒకటి వాడికి. దాని మెడ మీద చిన్న చిల్లు కుడివైపుంటే తూటా నా వైపు నుంచి పోయినట్టు. ఎడమవైపుంటే క్లెమ్ వైపు నుంచి. లోపలికి పోయేచోట చిన్నది, బయటికొచ్చే చోట పెద్దది. చంటిపిల్లోడికి కూడా తెలుసు ఇక్కడ."

"క్లెమ్ ఏమన్నాడప్పుడు?"

"చూళ్లేదన్నాడు. మెడంతా బురద గడ్డకట్టి ఉందట. అట్లాగే తెచ్చి నీకిచ్చేశానన్నాడు. ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"బురదతోనేనా?"

"బురదతోనే."

"కడిగింది నువ్వు. ఒలిచింది నువ్వు. నీకు తెలుసన్నమాట, ఏడాదిగా. అడుగుతున్నా నార్బర్ట్. ఎటువైపుంది?"

"ఇంత పని చేస్తాం మెల్విన్. ఈ సీజన్లో ఎన్ని తలలు వస్తాయో నీకు తెలుసు. ఏ దుప్పికి ఎక్కడ..."

"టోబీ పోయిన రోజు కొట్టిన దుప్పిరా ఇది! ఎటువైపుందో చూడలేదంటావా?"

"అరవకు. కూర్చో."

"కూర్చోను. నీ చేత చెప్పించను కూడా. నా వేళ్లున్నాయి. జరుగు."

"నాకొక మాటివ్వు ముందు."

"ఏంటి?"

"నీదే అని తేలితే ఏం చేస్తావు?"

"అది నీకెందుకు?"

"నాకే కావాలి. నీ తుపాకి బండిలో ఉంది. నువ్వొచ్చేటప్పుడు ఈ కిటికీలోంచి చూశా."

"రేపు సీజన్. ఊళ్లో ఎవడి బండిలో లేదు?"

"మెల్విన్, ఆయన అడిగినదానికి సమాధానం చెప్పు."

"నాదైతే ఏం చెయ్యాలో నాకు ఏడాది కిందే తెలుసు వదినా. రేపు తెల్లారకముందే ఆ మొద్దు దగ్గరికి నేనొక్కణ్ణే పోతా. మీకెవరికీ ఇబ్బంది లేకుండా. క్లెమ్‌కి కూడా తెలుసు ఆ సంగతి, వాడి మొహానే చెప్పా. అందుకే ఏడాదిగా నన్ను ఒంటరిగా వదల్లేదు వాడు. ఇప్పుడు గుడ్డ తీస్తారా, నన్ను లాగమంటారా?"

"తియ్యి నార్బర్ట్."

"ఆర్లిస్..."

"తియ్యి. ఎన్నాళ్లు కప్పుతాం?"

"... ఇదిగో."

"వంకరకొమ్మోడు."

"అవును."

"ఆ కొమ్మే. కిందకి తిరిగి, మొన విరిగి. టోబీ ఈ మొన కోసం సీజన్ ముందు చిత్తడంతా గాలించాడు. జేబులో పెట్టుకు తిరుగుతానన్నాడు. బాగా చేశావు నార్బర్ట్. కళ్లు... నిజం కళ్లలా ఉన్నాయి. నన్నే చూస్తోంది."

"ఎక్కడ నిలబడ్డా అట్లానే ఉంటది."

"చెవి చినిగి ఉండాలే దీనికి? ఫోటోలో ఎడం చెవి చీలి ఉండేది."

"బాగుచేశా. మా పని అదేగా."

"చెయ్యకుండా ఉండాల్సింది. టోబీకి ఆ చీలిక ఇష్టం... ముట్టుకుంటున్నా. మెడే, ముట్టె కాదు. వదినా, ఎంత మెత్తగా ఉంది."

"మెల్లగా."

"కుడివైపు ముందు చూస్తా. దేవుడా. కుడివైపు ముందు. ఇక్కడ... ఇక్కడేం లేదు. ఇక్కడ..."

"మెల్విన్, కాసేపు ఆగు."

"ఉంది. ఉంది వదినా! బొచ్చు సుడి తిరిగినచోట, కింద ముడి తగులుతోంది. బఠాణీ గింజంత. చిన్నది. చూడు, వేలు పెట్టి చూడు. చిన్నదే కదా?"

"చిన్నదే."

"ఎడమవైపు... ఇదిగో, ఇక్కడ పెద్దది. అరచేతి సగమంత కుట్టావు. నక్షత్రంలా చీలింది. బయటికొచ్చింది ఇటు. లోపలికి పోయింది అటు. నా వైపు నుంచి! నార్బర్ట్, నా వైపు నుంచి పోయింది. నేను కొట్టింది దుప్పినే. నేను టోబీని... నేను కాదు. నేను కాదురా!"

"కూర్చో. పడతావు."

"పడనీ. నేను కాదు. ఏడాది నుంచి తిండి గొంతు దిగలేదురా నాకు. అద్దంలో మొహం చూసుకుని గడ్డం గీసుకోలేదు. వదినా, ఫోనివ్వు. వెర్నాకి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి."

"వద్దు."

"ఎందుకొద్దు? మీ చెల్లెలు మొగుడి పక్కన కూర్చుని తినొచ్చు ఇక! కొడుకుని చంపినోడు కాదు మొగుడని..."

"ఇవాళొద్దు మెల్విన్. నా మాట విను. రేపు చెప్దువుగాని."

"నువ్వేంటి, సంతోషించవేంటి? మీ ఇద్దరి మొహాలేంటి అట్లా? ఏడవాల్సినోణ్ణి నేను నవ్వుతుంటే... ఓహో."

"ఏంటి?"

"క్లెమ్."

"మెల్విన్."

"నేను కాకపోతే క్లెమ్."

"అది పొరపాటున జరిగిందిరా. ఎవరి తూటా అయినా పొరపాటే. ఇందాక నువ్వే అన్నావుగా, ఇద్దరూ కాల్చారని."

"పొరపాటు సరే! ఏడాది పొడుగునా ఆదివారం ఆదివారం నా ఇంటికొచ్చాడు, అది పొరపాటా? చలికాలమంతా వాకిట్లో మంచు తోశాడు. నా కట్టెలు కొట్టాడు. వెర్నా వడ్డిస్తే తిన్నాడు. ఆపిల్ కేకు రెండో ముక్క అడిగి మరీ తిన్నాడు! నేను రాత్రిళ్లు వరండాలో కూర్చుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. 'నాదే రా, నాదే అయ్యుంటుంది' అని నేను ఏడుస్తుంటే వీపు నిమిరాడు. నిమిరాడు నార్బర్ట్! తెలిసి!"

"తెలుసని నీకెట్లా తెలుసు?"

"చూడకుండా ఉంటాడా? చిత్తడంతా గాలించి, చచ్చిన దుప్పిని భుజాన మోసుకొచ్చినోడు మెడ తుడిచి చూడడా? నేనైతే నాలుకతో నాకైనా చూసేవాణ్ణి. చూశాడు. తనదేనని తెలిసింది. మూసుకుని కూర్చున్నాడు. నేను నన్ను చంపుకుంటానంటుంటే కూడా చెప్పలేదు. అన్న పోతే పోయాడు, తను దొరక్కపోతే చాలని."

"దాచాలనుకున్నోడు నిన్ను ఇక్కడికెందుకు పంపుతాడు? ఆలోచించు కాస్త."

"నోటితో చెప్పే ధైర్యం లేక దుప్పితో చెప్పించాడు. పిరికినాయాలు. నా తాళాలేవి?"

"ఎటు పోతావు?"

"కాఫీ కప్పు పక్కనే పెట్టా తాళాలు. ఏవి?"

"నా దగ్గరున్నాయి మెల్విన్. ఇవ్వను."

"వదినా, ఇవ్వు."

"క్లెమ్ ఎక్కడున్నాడు?"

"ఎక్కడుంటాడు? వేటగుడిసెలో. పొద్దుటే పోయాడు, పొయ్యి వెలిగించి ఉంచుతానన్నాడు నా కోసం. ఒక్కడే ఉన్నాడు. మంచిది. తాళాలివ్వు."

"తుపాకి బండిలో పెట్టుకుని తమ్ముడి దగ్గరికి పోతానంటే తాళాలిస్తానా? నాకేం పిచ్చా?"

"నడిచి పోతా అయితే. తుపాకి తీసుకుని నడిచి పోతా. ఆ రోడ్డు నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. జరుగు నార్బర్ట్."

"జరగను."

"నిన్ను కొట్టాలని లేదు నాకు."

"కొట్టు. కానీ ముందు విను. ఆ తోలు ఆ దుప్పిది కాదు."

"ఏంటీ?"

"కొమ్ములు దానివే. తోలు వేరే దుప్పిది."

"క్లెమ్ కోసం ఇంత అబద్ధమా? సిగ్గులేదా?"

"చెవి చూడు. ఎడం చెవి. వెనక్కి తిప్పి, వేలితో తడిమి చూడు. చీలిన చెవిని బాగుచేస్తే లోపల కుట్టు తగులుద్ది. ఎంత బాగా చేసినా తగులుద్ది. తగిలిందా?"

"... లేదు."

"బాగుచేశానన్నది అబద్ధం. ఆ చెవి ఎప్పుడూ చినగలేదు. అది వేరే దుప్పి చెవి."

"ఎందుకు?"

"బొచ్చు ఊడిపోయింది. రోజులకి రోజులు చిత్తడిలో పడుందిగా. కడుగుతుంటే పిడికిళ్లతో ఊడొచ్చింది. అట్లా అయినప్పుడు వేరే తోలు తొడుగుతాం. కొమ్ములు కోసుకుని తోలు వదిలేసిపోయేవాళ్లు చాలామంది ఉంటారు, ఫ్రీజర్లో దాస్తాం. అందరూ చేసేదే ఈ పనిలో."

"నాకు చెప్పకుండా?"

"నీకు చెప్పే పరిస్థితా అది? అందుకే చెప్తున్నా, ఆ చిల్లుని నమ్మి క్లెమ్ మీదికి పోకు. దానికీ దీనికీ సంబంధం లేదు."

"సరే. తోలు వేరే దుప్పిది."

"వేరేదే. ఒట్టు."

"మంచి తోలు. చూస్తేనే తెలుస్తోంది. ఎక్కడా గీత లేదు."

"మంచిదే చూసి పెట్టా. నీకోసమని."

"మంచి తోలుకి చిల్లెందుకుందిరా? మెడలో. అటు చిన్నది, ఇటు పెద్దది. ఎందుకుంది?"

"ఆ దుప్పినీ ఎవడో మెడలోనే..."

"నా కళ్లలోకి చూసి చెప్పు. ఇంతమంది తోళ్లు వదిలేసిపోతే, చిల్లున్నదే దొరికిందా నీకు? అదీ మెడలోనే?"

"మెల్విన్, నేను..."

"ఇంకోటి. వదినా, నీ కుట్టు ఈ జిల్లాలో ఎవడికీ దొరకదంటారు. బొచ్చు పాయ తీసినా కనపడదంటారు. నా మొరటు వేళ్లకి క్షణంలో ఎట్లా దొరికింది?"

"నేను మాటిచ్చానురా. నన్నడక్కు. కాళ్లు పట్టుకుంటా."

"ఎవరికిచ్చావు?"

"అడక్కు."

"ఈయన మాటిచ్చాడు మెల్విన్. నేనివ్వలేదు."

"ఆర్లిస్! వద్దు. చచ్చిపోతాడు."

"చెప్పకపోతే క్లెమ్ చస్తాడు. చెప్పినా చెప్పకపోయినా మా ఇంట్లోంచే శవం లేచేట్టుంది. మొదట్నించీ నీకు చెప్తూనే ఉన్నా నార్బర్ట్, ఇది మందు కాదు, ఇంకో పుండు అని. విన్నారా ఎవరైనా? ఇవిగో తాళాలు. నువ్వు పోయి బండిలోంచి తుపాకి తెచ్చి, తూటాలు తీసి, మన బీరువాలో పెట్టి తాళం వెయ్యి. తాళంచెవి నాకివ్వు. అప్పటిదాకా నోరు విప్పను."

"పో నార్బర్ట్. ఆమె చెప్పినట్టు చెయ్యి. నేను కదల్ను."

"... పోతున్నా."

"వదినా."

"ఆగు. ఆయన రానీ."

"ఒక్కటి చెప్పు. అసలు తోలు మీద బొచ్చు ఊడిందా?"

"ఊడలేదు. చలికి గడ్డకట్టి శుభ్రంగా ఉంది. ఒక్క వెంట్రుక రాలలేదు."

"మరి చిల్లు..."

"ఆగమన్నానా?"

"అంత కష్టమా చెప్పడం?"

"కష్టం కాదా? వెర్నాని నేనెత్తుకుని పెంచా. దాని కొడుక్కి నేనే మొదటి జత చేతితొడుగులు అల్లా. ఆ వెర్నా మొగుడికి ఈ మాట నేను చెప్పాలి. కూర్చో. నా చెయ్యి పట్టుకో. గట్టిగా పట్టుకో."

"అయింది ఆర్లిస్. ఇదిగో తాళంచెవి."

"తలుపు వేసి దానికి ఆనుకుని నిలబడు. ... మెల్విన్, క్లెమ్ నీకు అబద్ధం చెప్పలేదు. నిజంగానే చూడకుండా తెచ్చాడు. చూడ్డానికి భయమేసి బురద తుడవలేదన్నాడు. 'దొరికింది వదినా, ఇక మా అన్న నిద్రపోతాడు' అంటూ వచ్చాడు. బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చెంపల మీద తోలు లేచిపోయింది చలికి. ఈ బల్ల మీదే పడుకోబెట్టాం దాన్ని. ఈయన వేణ్ణీళ్లు పోస్తుంటే క్లెమ్ గుడ్డతో మెడ తుడిచాడు. తనే తుడిచాడు. రెండు వైపులా."

"ఎటువైపుంది?"

"తుడిచి, పోయి ఆ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఈయన 'క్లెమ్, నువ్వు బయటపడ్డావు' అన్నాడు. ఆ మాటకి వాంతి చేసుకున్నాడు."

"వదినా..."

"ఆ అసలు తోలు నేను పొయ్యిలో వేశా, వాడు చూస్తుండగా. కాలేదాకా నిలబడ్డాడు. వేరే తోలుకి చిల్లులు నేనే పొడిచా, ఈ చేతులతోనే. కుట్టు కూడా వాడు చెప్పినట్టే వేశా. వేలికి తగిలేట్టు. 'మా అన్న చూపుతో నమ్మడు, తడిమి చూస్తాడు' అన్నాడు. 'తడిమాక నన్ను చంపడానికొస్తాడు, రానీ. నన్ను చంపాలనుకున్నన్నాళ్లూ తను చావడు' అన్నాడు."

"చెప్పు. ఎటువైపు పెట్టమన్నాడు?"

"ఇప్పుడు నువ్వున్నచోటే నిలబడి చెప్పాడు మెల్విన్. 'చిన్న చిల్లు మా అన్న వైపు పెట్టు వదినా' అన్నాడు."